చేంతాడు

"శనివారం నన్ను తాడు కట్టి ఆకాశంలోకి లాగుతారమ్మా. చూడ్డానికి వస్తావా?" అంది మా అమ్మాయి, ఉప్మా మీద నిమ్మకాయ పిండుకుంటూ.

బావిలోంచి బొక్కెనను లాగుతారు. బురదలో దిగబడ్డ బండిని లాగుతారు. కన్నకూతుర్ని లాగుతుంటే చూడ్డానికి రమ్మని ఏ తల్లినైనా పిలుస్తారా?

కిందటి వేసవిలో జర్మనీలో దాని దగ్గర రెండు నెలలున్నాను. పిల్లని చూసి రావడానికి వెళ్తున్నానని అందరితో చెప్పాను గాని, నా పెట్టె అడుగున పట్టుచీర మడతలో ఒక అబ్బాయి ఫోటో, జాతకం ఉన్నాయి. చదువు అయిపోయింది కదా, వెంటబెట్టుకుని వచ్చెయ్యాలని నా పథకం. మావారు రోజూ ఫోన్లో అదే అడిగేవారు: "చెప్పావా?"

"కొండమీంచి ఎగిరేవాళ్ళని సినిమాల్లో చూశాను. ఇక్కడ కొండేదే?" అన్నాను. దాని ఊరు ఉత్తర జర్మనీలో, మహా చదును. మా నరసరావుపేట పొలాల పక్కన కోటప్పకొండయినా ఉంది.

"కొండ లేనివాళ్ళకి తాడే కొండమ్మా" అంది.

ఈ రెక్కలకీ తాడుకీ మొదటినుంచీ చుట్టరికమేనట. 1948లో అమెరికాలో రొగాలో అనే ఇంజనీరు వంగే గుడ్డ రెక్క ఒకటి ఊహిస్తే, ఆయన భార్య గెర్‌ట్రూడ్ వంటింటి కర్టెన్లు కోసి దాన్ని కుట్టిపెట్టింది. ఆ ఇల్లాలి పేరు మనమైనా గుర్తుంచుకోవద్దూ? ఆ రెక్కని చూసి 1963లో ఆస్ట్రేలియాలోని గ్రాఫ్టన్‌లో జాన్ డికెన్‌సన్ చేసిన హ్యాంగ్ గ్లైడరు మొదట ఎగిరింది కొండమీంచి కాదు, మోటారు పడవ వెనక తాడు పట్టుకునే.

శనివారం వెళ్ళాం. పొడుగాటి పచ్చిక బయలు. ఒక కొసన వించ్. మన బావి గిలకకి ఇంజను తగిలించి నేలమీద కూర్చోబెట్టినట్టుంది. డ్రమ్ముకి కిలోమీటరు పొడవు తాడు, చిటికెన వేలికన్నా సన్నం. ఆ తాడు రెండో కొసన చీమంత మా అమ్మాయి, దాని వెనక పరిచిన ఎర్రటి గుడ్డ రెక్క.

వించ్ నడిపేది అరవై ఏళ్ళావిడ. అందుకు పరీక్ష ప్యాసై లైసెన్సు తీసుకోవాలట. కాస్త దూరంగా కూర్చోబెట్టి, వచ్చీరాని ఇంగ్లీషులో నాకు అన్నీ చెప్పింది.

"గట్టిగా లాగుతారా?" అన్నాను.

"గట్టిగా లాగడం ఇంజనుకి తెలుసు. ఎప్పుడు సడలించాలో నాకు తెలియాలి" అందావిడ.

పూర్వం తాడు బండికి బిగించి లాగేవారట. రెక్క ఒక పక్కకి ఒరిగిందా, ఎంత లాగితే అంత ఒరిగి నేలకి కొట్టేది. ప్రాణాలు పోయాయి. ఇప్పుడు చూసేది వేగం కాదు, తాడు బిగువు. అది మనిషి బరువుని మించకూడదు. గాలి విసురుగా వస్తే వించ్ తనే కాస్త తాడు వదులుతుంది. అది చాలనట్టు ఎగిరేవాళ్ళ నడుం దగ్గర లాగితే ఊడే కొక్కెం, తాడు మధ్యలో బిగువు మించితే తెగిపోయేలా కావాలని పెట్టిన బలహీనమైన ముక్క, వించ్ దగ్గర తాడు కోసే కత్తి. తాడు సిద్ధం చేసినవాళ్ళే అది తెగే చోటు కూడా సిద్ధం చేస్తారన్నమాట!

మా శివరాత్రి ప్రభలు గుర్తొచ్చాయి. మోకులు పట్టినవాళ్ళందరూ ఒకేసారి లాగితే ప్రభ నిలబడదు. ఒకవైపు లాగితే ఇంకోవైపు సడలించాలి.

ఇంతలో రేడియోలో ఏదో మాట వినిపించింది. డ్రమ్ము తిరిగింది. ఎర్ర రెక్క లేచింది. నాలుగడుగులు పరుగెత్తి మా అమ్మాయి కాళ్ళు నేలని వదిలాయి.

తొమ్మిదేళ్ళప్పుడు గురజాలలో మా అమ్మమ్మ వాళ్ళ బావి దగ్గర నిండు బొక్కెన చెయ్యిజారింది. చేంతాడు సర్రున పోతుంటే వదలకుండా బిగించి పట్టుకున్నాను. రెండరచేతులూ తోలు లేచిపోయాయి. వెన్న రాస్తూ అమ్మమ్మ ఏడ్చినంత పని చేసింది. "వదిలెయ్యొద్దుటే పిచ్చిదానా! బొక్కెన పోతే పాతాళగరిగె ఉంది. చేతులు పోతే ఏముంది?"

మూడొందల మీటర్ల పైన, మా నెత్తికి దగ్గరగా వచ్చాక, ఆవిడ ఇంజను తగ్గించింది. మా అమ్మాయి కొక్కెం లాగింది. తాడు దానికున్న బుల్లి గొడుగుతో తీరిగ్గా కిందికి దిగింది. రెక్క మాత్రం దిగలేదు! పొలం మీద లేచే వేడిగాలి దొరికిందేమో, గద్దలా ఒక చుట్టు చుట్టింది.

2019లో బ్రెజిల్‌లో ముగ్గురు ఇలాగే వించ్ తాడు వదిలించుకుని ఒక్కరోజులో 582 కిలోమీటర్లు ఎగిరారట. మా నరసరావుపేట నుంచి నేరుగా కొలిస్తే మైసూరు దాకా. తాడు ఇచ్చింది మొదటి కొద్ది నిమిషాలే. మిగతాదంతా గాలీ, వాళ్ళూనూ.

చీర కొంగు నా పిడికిట్లో నలిగి ముద్దయిందని అప్పుడు చూసుకున్నాను.

పది నిమిషాలకి దిగి, పరుగెత్తుకుంటూ వచ్చింది. ముఖమంతా వెలుగు. "అమ్మా, నువ్వేదో చెప్పాలని వచ్చావు కదూ?"

తెలిసే అడిగిందన్నమాట. "ఆకలేస్తోందా?" అన్నాను.

రాత్రి మావారు ఫోన్లో, "చెప్పావా?" అన్నారు.

"ఇవాళ గాలి సరిగ్గా లేదండీ" అన్నాను.