టైబర్‌కి ఎదురు నడక

రోమ్‌కి వచ్చే విమానం ఫ్యుమిచినోలో దిగే ముందు, కూర్చున్న వైపు కలిసొస్తే కిందొక ఆరు పలకల చెరువు కనిపిస్తుంది. సిద్దిపేటలో పుట్టినవాడికి చెరువు కనబడితే చాలు, కట్ట ఎటుంది, తూము ఎటుంది అని కళ్ళు వెతుకుతాయి. దీనికి రెండూ లేవు. క్రీ.శ. రెండో శతాబ్దం మొదట్లో ట్రాజన్ చక్రవర్తి తవ్వించిన ఓడరేవు ఇది. సముద్రం వెనక్కి జరిగిపోయింది, రేవు పొలాల మధ్య మిగిలింది. ఆ పక్కనే టైబర్ రెండు పాయలై సముద్రంలో కలుస్తుంది. అందులో ఒక పాయ రోమన్లు తవ్విన కాలువే.

కాబట్టి ఈ కాలపు యాత్రికులందరికీ టైబర్ ముందు చివర్లోనే ఎదురవుతుంది. నేనూ తోక పట్టుకునే తల వెతుక్కుంటూ బయలుదేరాను. గురుపట్టం అయ్యాక కొన్నేళ్ళు తెలంగాణ విచారణల్లో పనిచేశాను. తర్వాత శ్రీసభ చట్టం చదవమని పెద్దలు ఇక్కడి ఉర్బానియానా విశ్వవిద్యాలయానికి పంపారు. మిషన్ దేశాలకు గురువుల్ని తయారు చేయడానికి ఎనిమిదో ఉర్బాను పోపు 1627లో పెట్టిన గురుకులం నుంచి పెరిగిన విద్యాలయం అది. మిషన్ దేశమంటే మనదే. సిద్దిపేటలో క్రైస్తవులమని చెబితే ఎదుటివాళ్ళ నోట వచ్చే మొదటి మాట “మెదక్ చర్చా?” అది 1924లో పాస్‌నెట్ దొర పూర్తి చేయించిన ప్రొటెస్టెంట్ దేవాలయమనీ, మేం కథోలికులమనీ చెప్పబోతే సగంలోనే వాళ్ళ ఆసక్తి చచ్చిపోతుంది. ఇక్కడ ఆ వివరణ అవసరం లేదు. మొదటి వారాల్లో అదే పెద్ద హాయి.

సముద్రానికి కాస్త ఎగువన ఓస్తియా శిథిలాలు. ఒకప్పుడు నది ముఖద్వారం ఇక్కడే ఉండేది. ఒండ్రు పేరుకుని తీరం దూరమైంది, 1557 వరదలో నది కూడా పక్కకు తిరిగి ఊరిని వదిలేసింది. ఆఫ్రికా ఓడ కోసం ఎదురుచూస్తూ 387లో పునీత మోనికమ్మ కన్నుమూసింది ఈ ఊళ్ళోనే. కొడుకు అగస్తీను కోసం సముద్రం దాటి వచ్చిన తల్లి ఆమె. తన దేహాన్ని ఎక్కడ పెట్టినా దిగులు లేదని చెప్పి పోయిందట. సెమినరీలో ఆ కథ పరీక్ష కోసం చదివాను. ఇక్కడ రాళ్ళ మీద కూర్చుని ఉండగా అమ్మ ఫోన్ చేసింది. “ఏం బిడ్డా, పోపుగారిని చూసినవా? తిన్నవా?” రెండింటికీ ఒకే గొంతు. నాకు మోనికమ్మ తెలుగులోనే మాట్లాడి ఉంటుందనిపించింది.

నగరంలోకి వస్తుంటే కుడి చేతివైపు పునీత పౌలు మహాదేవాలయం. 1823లో కాలిపోతే మళ్ళీ కట్టారు. లోపల గోడల పైన పోపులందరి ముఖాలు గుండ్రటి చట్రాల్లో వరసగా ఉంటాయి, ఇంకా కొన్ని ఖాళీగా ఉన్నాయి. అవి నిండితే లోకం అంతమని రోమ్‌వాళ్ళు నవ్వుతూ చెబుతారు. దాటితే తెస్తాచ్చో. ఇక్కడొక గుట్ట ఉంది. రాయి కాదు, మట్టి కాదు, అంతా కుండపెంకులు. స్పెయిన్ నుంచి, ఆఫ్రికా నుంచి ఆలివ్ నూనె తెచ్చిన జాడీలను పగలగొట్టి పేరిస్తే ముప్పై అయిదు మీటర్ల ఎత్తు లేచింది. బసిలికాలకన్నా ఈ పెంకులగుట్టే నాకు రోమ్‌ని బాగా చూపించింది. మా ఇంట్లో కేలండర్ మీద ఉన్న రోమ్‌లో ఎవరూ నూనె దించరు, ఎవరూ కూలి అడగరు.

నగరం నడిమిలో నది పదిపన్నెండు మీటర్ల రాతిగోడల మధ్య కిందెక్కడో పారుతుంది. 1870 డిసెంబరు వరదలో కాబోయే రాజధాని మునిగిపోయాక కట్టుకున్న గోడలవి. పైన రోడ్డు మీద నడిచేవాడికి నీళ్ళ చప్పుడు వినిపించదు. కానీ వీధి మూలల్లో ఇనుప కుళాయిలున్నాయి, రెండు వేలకు పైనే. వాటికి కట్టే పిడి ఉండదు, రాత్రింబవళ్ళు పారుతూనే ఉంటాయి. దాన్ని చూసి మొదట్లో ఒళ్ళు మండింది. సిద్దిపేట తాగునీటికి ఎంత ఆరాటపడిందో నాకు తెలుసు. కరీంనగర్ దగ్గరి దిగువ మానేరు నుంచి పైపుల్లో నీళ్ళు తెచ్చుకున్న ఊరు మాది. మిషన్ భగీరథను 2016లో మొదలుపెట్టింది కూడా మా గజ్వేల్ పక్కన కోమటిబండలోనే. కట్టని కుళాయి ముందు నిలబడి చేయి ఊరుకోలేదు, పిడి కోసం తడిమింది.

తిబెరీనా ద్వీపం దగ్గర ఎక్కువసేపు ఆగాలి. క్రీ.పూ. 62 నాటి ఫబ్రీచియో వంతెన మీద జనం ఈనాటికీ నడుస్తున్నారు. ద్వీపంలో ఒకప్పుడు వైద్యదేవుడు ఎస్కులాపియుస్ గుడి ఉండేది, ఇప్పుడు ఆసుపత్రి. చుట్టూ నీళ్ళున్నచోట రోగులను ఉంచాలన్న ఆలోచన దేవుళ్ళు మారినా మారలేదు. పక్కనే పునీత బర్తొలోమయి దేవాలయం. బలిపీఠం కింద ఆయన అస్థికలు ఉన్నాయంటారు. ఆ అపొస్తలుడు ఇండియాకు వెళ్ళాడని నాలుగో శతాబ్దపు చరిత్రకారుడు యుసేబియసు రాశాడు. తోమా మావాడేనని ఛాతీ విరిచే కేరళ సహపాఠి ఈ మాటకు పెద్దగా సంతోషించలేదు. తెలుగువాళ్ళకు అపొస్తలుడెవరూ రాలేదు కనుక నేను తటస్థంగా ఉన్నాను.

వంతెన దాటితే ఎడమ గట్టు మీద యూదుల వాడ. నాలుగో పౌలు పోపు 1555లో ఆజ్ఞ వేసి వాళ్ళను ఇక్కడ గోడ లోపల పెట్టాడు. వరద వస్తే ముందు మునిగే పల్లపు చోటు. వంతెన మొగన ఒక చిన్న గుడి ముఖం మీద యెషయా ప్రవక్త గద్దింపు హీబ్రూలోనూ లాటినులోనూ చెక్కి ఉంది, వాడలోంచి బయటికొచ్చే ప్రతివాడూ చదవాలని. 1943 అక్టోబరు 16న జర్మన్ సైనికులు వెయ్యిమందికి పైగా ఇక్కడినుంచి పట్టుకుపోయారు, తిరిగొచ్చింది పదహారుమంది. ఇవి గైడు చెప్పే వివరాలు. నాకు మాత్రం గైడు అక్కర్లేదనిపించింది. ఊరికి దిగువన, వానాకాలం బురదలో వాడను ఎందుకు పెడతారో తెలంగాణ పల్లెలో పెరిగిన దళిత కథోలికుడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. చెప్పాల్సింది మరొకటి: ఆ ఆజ్ఞ వేసింది మేం పూజలో పేరు తలుచుకునే పీఠం. ఆ రోజు నేను జపమాల సగంలో ఆపేశాను.

అదే పీఠం 2022 ఆగస్టు 27న పూల అంతోనిగారికి ఎర్రటోపీ పెట్టింది. కర్నూలు సీమలో పుట్టిన హైదరాబాదు అగ్రపీఠాధిపతి, తెలుగువాళ్ళలో మొదటి కార్డినల్, దళితుల్లో మొదటి కార్డినల్. 2025 మే నెలలో పోపు ఎన్నికలో ఆయనా ఓటు వేశారు. రెండు నిజాలూ ఒకే నది పక్కనే జరిగాయి. ఒకదానితో ఇంకొకటి చెల్లుకు చెల్లు అని నేను అనుకోను.

వాటికన్ గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నది కూడా దాన్ని పక్కనుంచి చూసి వంపు తిరిగిపోతుంది. ఆ వంపులో పాత సాంతో స్పిరితో ఆసుపత్రి గోడకు ఒక తొట్టి ఉంది. పెంచలేని పసిబిడ్డను రాత్రిపూట అందులో పెట్టి తిప్పితే లోపలికి చేరేది, తల్లి ముఖం ఎవరికీ కనబడేది కాదు. జాలరుల వలల్లో శిశువుల శవాలు పడుతున్నాయని విని మూడో ఇన్నోసెంటు పోపు ఈ ఆసుపత్రి పెట్టించాడని కథ. ఇంకా ఎగువన మిల్వియో వంతెన, 312లో కాన్‌స్టంటైన్ గెలిచిన చోటు. ఇప్పుడక్కడ కుర్రాళ్ళు బీర్లు తాగుతారు.

నగరం దాటాక టైబర్ గోడలు వదిలించుకుని మామూలు ఏరులా ఉంటుంది. క్రిస్మసు సెలవుల్లో విద్యార్థి గురువులను పల్లె విచారణలకు సాయంగా పంపుతారు. నాకు ఉంబ్రియాలో, తోది పట్టణానికి అవతల, ఏటి పైన ఒక గుట్ట ఊరు పడింది. దేవాలయం ఎనిమిది వందల ఏళ్ళది. పూజకు వచ్చింది పదిహేనుమంది ముసలమ్మలు, ఉక్రెయిన్ నుంచి వాళ్ళకు సేవ చేయడానికి వచ్చిన ఇద్దరు స్త్రీలు. గుణదలలో 1924లో మరియమాత స్వరూపం నిలిపిన అర్లాటి ఫాదర్ ఇటలీ నుంచి వచ్చినవాడే. పంతొమ్మిదో శతాబ్దం మధ్యనుంచి మిలాన్ మిషన్‌వాళ్ళు హైదరాబాదు రాజ్యంలో బడులు పెట్టారు, జ్వరాలొచ్చి చచ్చిపోయారు. వాళ్ళు దింపిన విశ్వాసం ఇప్పుడు మా నోట, వంకరటింకర ఇటాలియన్‌లో వెనక్కి వస్తోంది. నీళ్ళు ఎత్తుకు ఎక్కడం సిద్దిపేటవాళ్ళకు వింత కాదు. 2020 ఏప్రిల్‌లో చంద్లాపూర్ దగ్గర రంగనాయకసాగర్‌లోకి గోదావరి అట్లాగే ఎక్కింది. కానీ అక్కడ మోటార్లు ఉన్నాయి. ఇక్కడ ఏ మోటారు ఉందో నాకింకా అర్థం కాలేదు. పూజ అయ్యాక ఒక ముసలమ్మ నా చేయి పట్టుకుని “కేరళనా?” అంది. కాదన్నాను. నమ్మలేదు.

అక్కడినుంచి పుట్టుక ఇంకా దూరం. మొత్తం నాలుగు వందల అయిదు కిలోమీటర్లలో చివరి మెట్టు ఫుమాయోలో కొండ, అక్కడ 1,268 మీటర్ల ఎత్తున బీచ్ చెట్ల నీడలో రెండు ఊటలు. ఆ చోటు టస్కనీలో ఉండేది. 1923లో ముస్సోలినీ హద్దు జరిపించి దాన్ని తను పుట్టిన రొమాన్యాలో కలిపేసుకున్నాడు. 2016 అక్టోబరులో మాకు జిల్లా వచ్చినప్పుడు ఏ మండలం ఎటు పోవాలని ఊరూరా ధర్నాలు చేశారు గానీ, ఒక నది పుట్టుకను మా జిల్లాలో వేయమని అడగాలని ఎవరికీ తోచలేదు.