వెనుక పలక

ఫైబర్ పడవకు చెద పట్టదు, తుప్పు పట్టదు, కనుక దానికి చావు లేదని మన తీరప్రాంతంలో చాలామంది విశ్వాసం. ఆ విశ్వాసంలో సగం నిజం ఉంది. మిగిలిన సగం ఏమిటో తెలుసుకోవడానికి, పదవీ విరమణ అనంతరం, నాకు ఒక వేసవికాలం పట్టింది. యంత్రాల నిర్వహణలోనే జీవితం గడిపిన మన సంస్థ మిత్రులకు ఈ అనుభవం కొంత ఆసక్తి కలిగించగలదని తలచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా చిన్నతనంలో విశాఖ తీరాన ఫైబర్ అన్న మాటే వినబడేది కాదు. దుంగలను తాళ్లతో బిగించిన తెప్పలు, పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టిన మసూలా నావలు ఉండేవి. మేకు అన్నది ఎరుగని ఆ నావ కెరటం దెబ్బకు కొంచెం వంగి, మళ్లీ సర్దుకునేది. 1979లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో మద్రాసు కేంద్రంగా బంగాళాఖాత కార్యక్రమం ప్రారంభమైంది. రేవు లేని తీరాల్లో నేరుగా ఇసుక మీదికి చేర్చగల ఫైబర్ పడవలను ఆ కార్యక్రమంవారు 1980లలో తూర్పు తీరాన పరీక్షించి ప్రచారంలోకి తెచ్చారు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత సహాయ పథకాల కింద ఇవి మరింత విరివిగా వచ్చాయి. ఒక తరం గడిచేసరికి కుట్టు నావ దాదాపు కనుమరుగైంది. దానితోపాటు, ప్రతి ఏటా కుట్టు విప్పి, పలకలు ఆరబెట్టి, మళ్లీ కుట్టుకునే అలవాటు కూడా పోయింది. నా ఉద్దేశంలో పెద్ద నష్టం ఈ రెండవదే.

నేను చెప్పబోయే పడవ 22 అడుగులది. దాని యజమాని మన కార్ఖానాలో ఖలాసీగా పనిచేసిన నా మిత్రుడు. ఖలాసీ పని అంటే ఏమిటో ఈ పత్రిక పాఠకులకు వివరించనక్కరలేదు. పది టన్నుల గేర్‌బాక్సును రెండు చెయిన్ బ్లాకులతో, నాలుగు కేకలతో, అంగుళం తేడా లేకుండా పునాది మీద దించగల నేర్పు అది. ఆ నేర్పు మనవారిలో చాలామందికి సముద్రమే ప్రసాదించింది. భీమిలి దారిలోని ఒక జాలరి పల్లెకు చెందిన నా మిత్రుడు వారపు సెలవు వచ్చిందంటే తప్పక వేటకు వెళ్లేవాడు. సోమవారం ఉదయం షిఫ్టుకు వచ్చినప్పుడు అతని టిఫిన్ క్యారియర్ మూత తీస్తే చుట్టూ పదిమంది చేరేవారు. 2006లో ఈ పడవను పాతదే కొనుక్కున్నాడు. 2018లో అనారోగ్యంతో కన్నుమూశాడు. ఆ తరువాత నాలుగేళ్లు అది సరుగుడు తోటలో, కనీసం బోర్లా వేసే దిక్కు కూడా లేక, వానకు నిండుతూ ఎండకు ఎండుతూ పడి ఉంది.

2022 మార్చిలో అతని కుమారుడు మా ఇంటికి వచ్చాడు. అప్పటికి పరుల పడవ మీద వాటాకు వెళుతున్నాడు. మనవారిలో తెలియనివారి కోసం చెబుతున్నాను: వేట సొమ్ములో ఖర్చులు పోగా పడవకు ఒక వాటా, మోటారుకు ఒక వాటా తీసిన తరువాతే మనుషులకు వాటాలు. సొంత పడవ లేని మనిషి కష్టం ఎప్పుడూ ఆ మూడవ వరుసలోనే ఉంటుంది. “బాబాయ్, నాన్న పడవ బాగు చేసుకుంటాను. అమ్మ అమ్మేద్దామంటంది. నువ్వు చెబితే వింటది” అన్నాడు.

రెండు రోజులకు తల్లి వచ్చింది. మంచినీళ్లు తాగి, కొంతసేపు ఊరుకుని, “అన్నయ్యా, అమ్మకానికి బేరం కూడా వచ్చింది. నువ్వెటు చెబితే అటు. ఒక్క మాట మాత్రం నిజంగా చెప్పు. అది నా కొడుకుని మోస్తాదేటి?” అని అడిగింది. చూసి చెబుతానన్నాను. అంతకు మించి ఆనాడు చెప్పగలిగింది లేదు.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. జూన్ 15 తెల్లవారుజామునే తాను కూడా కడలిలో ఉండాలని కుర్రవాని పట్టుదల. నిషేధం మొదలైన వారంలోనే పడవను లారీ మీద మా పెరటికి చేర్చాడు. నా రేకుల షెడ్డు పొడవు 18 అడుగులు. కనుక ముక్కు నాలుగడుగులు బయటే ఉండిపోయింది. దానిపై టార్పాలిన్ కట్టాం. బట్టలు ఆరవేసే తీగకు ఆ ముక్కు అడ్డం వచ్చినందున నా శ్రీమతికీ పడవకూ ఆదిలోనే సఖ్యత కుదరలేదు.

మొదట చేసిన పని నీటితో కడగడం. రెండవ పని వినడం. చిన్న సుత్తి తీసుకుని పడవ ఒళ్లంతా జానెడు జానెడు దూరంలో తట్టుతూ పోయాం. గట్టిగా ఉన్నచోట కంచు గిన్నె మీద తట్టినట్టు శబ్దం వస్తుంది. లోపల పొరలు విడిపోయినచోట, లేదా నాని ఉన్నచోట, తడి గోనె మీద తట్టినట్టు ఉంటుంది. అటువంటి చోట్ల సుద్దతో గుర్తులు పెట్టాం. అడుగు భాగం బాగానే పలికింది. పక్కలు కూడా అంతే. పై రంగు పొరలో జుట్టుపాటి పగుళ్లు ఉన్నా అవి పైపైనే ఆగాయి. వెనుక పలక దగ్గరకు వచ్చేసరికి సుద్ద చాలలేదు.

మోటారును బిగించేది ఈ పలకకే. పైకి ఫైబర్‌గా కనిపించినా దాని లోపల ప్లైవుడ్ ఉంటుంది, రెండు వైపులా ఫైబర్ తొడుగు. మోటారు బరువు పలక వెనుక వేలాడుతుంది. పంకా నీటి అడుగున ఉండి పడవను ముందుకు తోస్తుంది. అందువల్ల పలకను కింద ముందుకు, పైన వెనక్కు మెలిపెట్టే బలం ప్రతి క్షణమూ పనిచేస్తూనే ఉంటుంది. కెరటం మీది నుంచి పడవ దిగినప్పుడల్లా దానికి ఒక సుత్తి దెబ్బ తోడు. మోటారు బోల్టుల కోసం వేసిన రంధ్రాల్లో చెక్క అంచు బయటపడి ఉంటుంది. సీలెంటు ఎండి బీటవారగానే నీరు ఆ దారిన లోపలికి చేరుతుంది. చేరిన నీటికి తొడుగు అడ్డం కనుక బయటకు వచ్చే దారి లేదు. చెక్క చీకట్లో కుళ్లుతుంది. ఫైబర్ మాత్రం మెరుస్తూనే ఉంటుంది.

లోపలి వైపు నుంచి 5 మిల్లీమీటర్ల డ్రిల్లుతో మూడుచోట్ల తొలిచి చూశాం. చెక్క పొట్టు రావాలి. బదులుగా నానిన టీపొడి వంటి ముద్ద వచ్చింది.

పల్లెలో మోటార్లు బాగుచేసే ఒక మేస్త్రీ వచ్చి చూశాడు. రెండు వైపులా అల్యూమినియం రేకు వేసి నాలుగు కొత్త బోల్టులు బిగిస్తే పదేళ్లు చూడనక్కరలేదన్నాడు. ఆ మాట కుర్రవానికి నచ్చింది. ఒక్కరోజు పని, ఖర్చు స్వల్పం. నేను ఒప్పుకోలేదు. మెత్తని చెక్కను ఎంత గట్టి రేకుల మధ్య బిగించినా, బోల్టు తిప్పినకొద్దీ అది నలుగుతుందేగాని పట్టదు. పైగా ఆ రేకు వేశాక సుత్తి శబ్దం కూడా అబద్ధం చెబుతుంది.

అంచుల నుంచి రెండేసి అంగుళాలు వదిలి లోపలి తొడుగును గ్రైండరుతో కోసి తీశాం. బయటి తొడుగును ముట్టుకోలేదు. పడవ వెనుక వంపును కాపాడేది అదే. లోపలి చెక్కను ఉలితో తీయాల్సిన అవసరం రాలేదు. చాలా భాగం తాపీతోనే వచ్చింది. రెండు గోనె సంచులు నిండాయి. ఆ సాయంత్రం తల్లి వచ్చి సంచి మూతి తెరిచి, ఒక గుప్పెడు తీసి, చేతిలో పిండింది. వేళ్ల సందుల్లోంచి నీరు కారింది. “దీని మీద ఆయన ఎన్నాళ్లు ఎళ్లేడో” అని మాత్రం అంది. కుళ్లు వ్యాపించిన తీరును బట్టి నాకొక అంచనా ఉంది. ఆ అంచనా ఆమెకు చెప్పలేదు. కుర్రవాడు ఆ రాత్రి తరువాత రేకు ప్రస్తావన తీయలేదు.

ఖాళీ అయిన తొడుగు ఆరాలి. ఆరిందో లేదో తెలుసుకునే ఉపాయం చవకైనది. పారదర్శకమైన పాలిథీన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో అంటించి ఎండలో వదిలితే, లోపల తేమ ఉన్నట్లయితే మధ్యాహ్నానికి దాని అడుగున నీటి బిందువులు పేరుకుంటాయి. మొదటి వారం బిందువులే. రెండవ వారం సన్నని ఆవిరి. ఇక ఒకటి రెండు రోజులు చాలుననుకుంటుండగా అసని తుపాను వచ్చింది. అది మే 11న మచిలీపట్నం ప్రాంతంలో తీరానికి చేరి బలహీనపడిందిగాని, ఈలోగా విశాఖను కూడా తడిపింది. మళ్లీ మొదటికి వచ్చాం. కుర్రవాడు క్యాలెండరు చూసేవాడు, నేను పాలిథీన్ చూసేవాణ్ని.

మే చివరి వారానికి గాని బిందువులు ఆగలేదు. అప్పుడు కూర్పు మొదలుపెట్టాం. ఇక్కడ రెసిన్ గురించి కొంత చెప్పక తప్పదు. పాలియెస్టర్ రెసిన్‌కు కోబాల్ట్ అనే త్వరణకారి, పెరాక్సైడ్ క్యాటలిస్టు కలిస్తేనే అది గట్టిపడుతుంది. ఈ రెండింటినీ ఎన్నడూ నేరుగా ఒకదానితో ఒకటి కలపరాదు, పేలుడు సంభవిస్తుంది. కోబాల్ట్‌ను ముందుగా రెసిన్‌లో పూర్తిగా కలిపిన తరువాతనే క్యాటలిస్టు చేర్చాలి. క్యాటలిస్టు బొట్టు కంట పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. మన షాపుల్లో భద్రతా కళ్లద్దాలను నుదుటి మీద అలంకారంగా ధరించే మిత్రులు కొందరు ఉండేవారు. వారు దయచేసి ఈ పనికి పూనుకోవద్దు. ఫైబర్ రుద్దేటప్పుడు లేచే ధూళికి ముసుగు అవసరం. ఆ దురద మూడు స్నానాలకు గాని వదలదు. నా పని బట్టలకు వేరే బకెట్టు కేటాయించబడింది.

క్యాటలిస్టు నూటికి ఒకటి చొప్పున వేసినా మన వేసవిలో రెసిన్ చాలా త్వరగా బిగుసుకుంటుంది. అందుచేత అరకిలోకు మించి కలపలేదు. ప్లైవుడ్‌కు తొలి పూత సాయంత్రం వేళే పూశాం. పగటి ఎండకు వేడెక్కే చెక్క లోపలి గాలి వ్యాకోచించి బయటకు వస్తుంది, పూతలో బుడగలు లేస్తాయి. సాయంత్రం చల్లబడేటప్పుడు అదే చెక్క గాలితో పాటు రెసిన్‌ను కూడా లోపలికి పీల్చుకుంటుంది. పాత ఫైబర్ విషయం వేరు. ఎన్నడో గట్టిపడిపోయిన రెసిన్‌కూ కొత్త రెసిన్‌కూ రసాయన బంధం దాదాపు ఉండదు. గరుకుదనమే పట్టు. నిగనిగ పోయి, పోగులు కనిపించేంత వరకు రుద్ది, ఎసిటోన్‌తో తుడిచిన తరువాతనే కొత్త పొర వేయాలి.

మెరైన్ ప్లైవుడ్ 18 మిల్లీమీటర్లది రెండు పొరలుగా, కత్తిరించిన ఫైబర్ కలిపిన రెసిన్ ముద్దతో బయటి తొడుగుకు అంటించి, తాత్కాలిక బోల్టులతో బిగించాం. ముద్ద నలువైపులా అంచుల్లోంచి ఉబికి వస్తేనే లోపల ఖాళీ లేదని అర్థం. మూలలను గుండ్రంగా నింపి, ఆపై చాప ఫైబర్ ఒక పొర, నేత ఫైబర్ ఒక పొర, మళ్లీ చాప, మళ్లీ నేతగా, పక్క గోడల మీదికి ఆరేసి అంగుళాలు పాకించాం. కుర్రవానికి వల అల్లే చేయి. రోలరుతో బుడగలు నొక్కడంలో మూడవరోజుకే నన్ను మించాడు. బోల్టు రంధ్రాలను కావలసిన దానికన్నా పెద్దవిగా తొలిచి, రెసిన్‌తో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో అసలు రంధ్రం వేశాం. ఇక బోల్టుకు చెక్క తగలదు.

ఇదంతా ముగిసేసరికి జూన్ 14 దాటింది. పొరలు పూర్తి బలానికి రావడానికి ఇంకా రోజులు కావాలి. 15వ తేదీ ఉదయం పల్లె పడవలన్నీ వెళ్లాయి. మా కుర్రవాడు నాతో మాట మానేసి, పాత వాటాకే వెళ్లాడు. పది రోజుల తరువాత ఒక సాయంత్రం కానాగంతలు తెచ్చి మా వంటింట్లో ఇచ్చి, ఏమీ అనకుండా షెడ్డులోకి వెళ్లి అంచులు నునుపు చేయసాగాడు.

మన షాపుల్లో కొత్త క్రేన్‌ను అప్పగించే ముందు దాని సామర్థ్యానికి 125 శాతం బరువెత్తించి చూస్తాం. పడవ పలకకు అంత శాస్త్రీయమైన కొలమానం నా వద్ద లేకపోయినా పద్ధతి అదే. జూలై మొదటి ఆదివారం, మోటారు బోల్టుల స్థానంలో మూడడుగుల దూలాన్ని వెనక్కు పొడుచుకు వచ్చేలా బిగించి, దాని కొసకు మూడు సిమెంటు బస్తాలు వేలాడదీశాం. 150 కిలోలు, అంటే మోటారు బరువుకు మూడింతలకు పైమాటే, అదీ మూడడుగుల అవతల. పడవ లోపలి వైపు డయల్ గేజ్ పెట్టాను. ముల్లు 60 గీతలు కదిలింది, అనగా మిల్లీమీటరులో 6 పదో వంతులు. గంటసేపు అలాగే ఉంచాం. బస్తాలు దించగానే ముల్లు సున్నాకు వచ్చి నిలిచింది. తల్లి అంతసేపూ మామిడి చెట్టు కింద కూర్చునే ఉంది. ఆ ముల్లు అర్థం ఏమిటని అడిగింది. వంగినది మళ్లీ తన చోటికి వచ్చిందని చెప్పాను. “అయితే మోస్తాదన్నమాట” అంది. మోస్తుందన్నాను. నా కూలి కింద రెండు లైఫ్ జాకెట్లు కొనాలనీ, ఏటా నిషేధకాలంలో బోల్టులు విప్పి చూపించాలనీ అడిగాను. ఆమె లేచి పడవ ముక్కుకు పసుపు రాసి బొట్టు పెట్టింది.

ఆ వారంలోనే పడవ కడలికి వెళ్లింది. అప్పటి నుంచి ప్రతి వేసవీ కుర్రవాడు నన్ను సరుగుడు తోటకు తీసుకువెళుతున్నాడు. నాలుగు బోల్టులూ విప్పుతాం, రంధ్రాల్లో పొడి గుడ్డ తిప్పి చూస్తాం, సుత్తితో తట్టుతాం. కిందటిసారి కుడివైపు కింది బోల్టు దగ్గర సీలెంటు కొంచెం ఊడి ఉంది. గుడ్డకు తడి తగలలేదు. పాతది గీకి, రెండు రోజులు ఎండనిచ్చి, కొత్తది వేసి బిగించాం. మిగిలిన మూడూ గట్టిగానే ఉన్నాయి.