రెండుసార్లు సినిమా వచ్చి వెళ్ళిన ఊరు

సినిమా చూసి ఇంటికొచ్చాక మీరేం చేస్తారు? పాటలు కూనిరాగం తీస్తారు. హీరోలా జుట్టు దువ్వుకుంటారు. నాది వేరే పిచ్చి. తెర మీద ఓ అందమైన ఊరు కనిపిస్తే చాలు... "ఇదెక్కడుందో, ఇప్పుడెలా ఉందో!" అని మనసు పీకుతుంది.

ఈ పిచ్చి నాకు గోదావరి గట్టున అంటుకుంది. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో ఓ నిద్రగన్నేరు చెట్టు ఉండేది. పేరు తెలియకపోయినా మీరు దాన్ని తప్పకుండా చూసే ఉంటారు. వంశీగారి లాంటి దర్శకులు మనసు పడ్డ చెట్టు. అది కనిపించని గోదావరి సినిమా తక్కువ. అందుకే జనం దాన్ని 'సినిమా చెట్టు' అన్నారు. బడి ఎగ్గొట్టి అక్కడ షూటింగ్ చూసొచ్చి, ఇంట్లో నాన్న చేత వీపు వాయగొట్టించుకున్నవాణ్ణి నేను! 2024 ఆగస్టులో ఆ చెట్టు కూలిపోయిందని చదివిన రోజున అన్నం సయించలేదు. అప్పుడే ఓ ప్రశ్న పుట్టింది. సినిమావాళ్ళు సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయాక ఊరికి మిగిలేదేమిటి?

ఆ ప్రశ్న వెంటబెట్టుకునే 2025 అక్టోబరులో లండన్‌లో చెల్లెలి ఇంటి నుంచి రైలెక్కాను. వెళ్ళింది వేల్స్ పడమటి ఒడ్డున ఉన్న ఫిష్‌గార్డ్‌కి. అందులోనూ దాని కాళ్ళ దగ్గర, సముద్రం అంచున ముడుచుక్కూచున్న లోయర్ టౌన్ అనే చిన్న పల్లెకి.

"అదేం ఊరండీ, ఎప్పుడూ విన్లేదే!" అంటారు కదూ? ఆ ఊరికి ఎవరెవరు వచ్చారో చెబితే మీరే నోరు తెరుస్తారు. 'మెకన్నాస్ గోల్డ్' హీరో గ్రెగరీ పెక్ వచ్చాడు. 'క్లియోపాత్రా'లో ఆంటోనీ వేసిన రిచర్డ్ బర్టన్ వచ్చాడు!

దిగగానే భాషా పాఠం

కార్డిఫ్‌లో బండి మారాను. చివరి స్టేషన్లు దగ్గరపడేసరికి పెట్టెలో పది మందిమి కూడా లేం. స్టేషన్ బయట రోడ్డు మీద తెల్లరంగుతో పెద్ద పెద్ద అక్షరాలు. టాక్సీ అతన్ని అడిగితే "ఆరవ్" అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఇంత దూరం వచ్చినా అరవమేనా! కాదట. వెల్ష్ భాషలో 'నెమ్మదిగా' అని అర్థం. బోర్డుల మీద కూడా పైన వెల్ష్, కింద ఇంగ్లీషు. ఫిష్‌గార్డ్‌ని వెల్ష్‌లో అబర్‌గ్వైన్ అంటారు. గ్వైన్ అనే చిన్న ఏరు సముద్రంలో కలిసే చోటు అని.

పై ఊరి నుంచి లోయర్ టౌన్‌కి దారి నిట్టనిలువుగా దిగుతుంది. మలుపు తిరగ్గానే ఎదురుగా మొత్తం ఊరు కనిపిస్తుంది. ఏటి పక్కనే ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకున్నట్టు రాతి ఇళ్ళు. తెలుపు, లేత నీలం, గులాబీ, పసుపు రంగులు. పోటు వెళ్ళిపోయిన వేళ కావడంతో పడవలన్నీ బురదలో పక్కకి ఒరిగి పడుకున్నాయి. ఒకప్పుడు హెర్రింగ్ చేపల వ్యాపారంతో కళకళలాడిన రేవట. నేను వెళ్ళేసరికి వినిపించింది సముద్రపు కాకుల అరుపొక్కటే.

తప్పిపోయిన తిమింగలం

1954లో జాన్ హ్యూస్టన్ 'మోబీ డిక్' తీయడానికి ఇక్కడికొచ్చాడు. ఒంటికాలి కెప్టెన్ ఓ తెల్ల తిమింగలం మీద పగబట్టి సముద్రాలన్నీ గాలించే కథ. ఆ కెప్టెన్ గ్రెగరీ పెక్. ఈ రోజుల్లో అయితే తిమింగలాన్ని కంప్యూటర్లో పుట్టిస్తారు. ఆనాడు నిజంగానే రబ్బరుతో ఓ మహాకాయాన్ని తయారుచేసి, పడవకి తాడు కట్టి సముద్రంలోకి లాక్కెళ్ళారు. తాడు తెగింది! లక్షలు పోసి చేసిన తిమింగలం హాయిగా కొట్టుకుపోయింది. నిర్మాత గుండె ఏమైపోయిందో ఊహించుకోండి. ఏమైతేనేం, సినిమా 1956లో విడుదలైంది.

మళ్ళీ 1971లో ఇంకో దండు దిగింది. ఈసారి డిలన్ థామస్ అనే వెల్ష్ కవి రాసిన 'అండర్ మిల్క్ వుడ్'. ఓ సముద్రపు పల్లెలో ఒక రాత్రి, ఒక పగలు జనం కనే కలలూ చెప్పుకునే కబుర్లూ. కథంతా అంతే! నిజానికది రేడియో నాటకం. 39 ఏళ్ళకే 1953 నవంబరులో థామస్ న్యూయార్క్‌లో కన్నుమూశాడు. రెండు నెలలు తిరిగి 1954 జనవరిలో బీబీసీ దాన్ని ప్రసారం చేసింది. అందులో కథ చెప్పే గొంతు బర్టన్‌ది. నాటకంలోని ఊరి పేరు ల్లారెగబ్. ఆ అక్షరాలు వెనక నుంచి చదివితే ఇంగ్లీషులో ఓ చిలిపి తిట్టు వస్తుంది, అది మీరే ప్రయత్నించుకోండి!

ఆండ్రూ సింక్లెయిర్ దర్శకత్వంలో ఆ ఊరిగా నటించింది మన లోయర్ టౌనే. తారాగణంలో రిచర్డ్ బర్టన్, ఎలిజబెత్ టేలర్, గుడ్డి కెప్టెన్‌గా పీటర్ ఓ టూల్... 'లారెన్స్ ఆఫ్ అరేబియా' ఓ టూలే! 1972లో వచ్చిన ఆ సినిమా నేను బయల్దేరే ముందు రోజు రాత్రి మళ్ళీ చూశాను. ఒడ్డున నిలబడి పోల్చుకుంటే ఆ రేవు గోడ అదే, ఆ ఇళ్ళ వరసా అదే. యాభై ఏళ్ళు దాటినా ఊరు మేకప్ తీయలేదా అనిపించింది.

బర్టన్ సంగతి ఒకటి చెప్పాలి. ఆయన వేల్స్‌లోనే బొగ్గుగని కార్మికుడి కొడుకు. పదమూడు మంది సంతానంలో పన్నెండోవాడు. అసలు పేరు రిచర్డ్ జెంకిన్స్. బర్టన్ అనేది తనని చదివించి, తీర్చిదిద్దిన మాస్టారి ఇంటిపేరు! మాతృభాష వెల్ష్, ఇంగ్లీషు తర్వాత నేర్చుకున్నదే. ఆ గొంతుకే తర్వాత లోకమంతా దాసోహమంది.

చెప్పులు కుట్టే ఝాన్సీరాణి

మర్నాడు పై ఊరెళ్ళాను. అక్కడి కథ మన దర్శకుల చెవిన పడితే వదలరు. 1797 ఫిబ్రవరిలో దాదాపు 1400 మంది ఫ్రెంచి సైనికులు ఓడల్లో వచ్చి ఈ దగ్గర్లోనే దిగారు. బ్రిటన్ నేల మీద శత్రువులు దండెత్తి దిగడం అదే ఆఖరుసారి. దిగినవాళ్ళు యుద్ధం మాట మరిచి, పల్లెల్లో దొరికిన సారాయి పీపాల మీద పడ్డారట! జెమైమా నికొలస్ అనే చెప్పులు కుట్టే ఆవిడ గడ్డి ఎత్తే పంగలకర్ర పుచ్చుకుని పన్నెండు మంది సైనికుల్ని ఒంటిచేత్తో పట్టుకొచ్చిందని చెప్పుకుంటారు. విజయశాంతి సినిమా గుర్తు రాలేదూ? మూడో రోజుకల్లా ఫ్రెంచివాళ్ళు ఆయుధాలు పడేశారు. 1997లో రెండు వందల ఏళ్ళయిన సందర్భంగా ఈ ఊరి వాళ్ళు ఆ కథంతా వంద అడుగుల గుడ్డ మీద సూదీ దారంతో కుట్టారు. టౌన్ హాల్లో పెట్టారు. రీలు రీలుగా చూసినట్టుంటుంది!

మధ్యాహ్నం స్ట్రంబుల్ హెడ్ అనే కొండకొమ్ముకి పోయాను. 1908లో కట్టిన దీపస్తంభం అక్కడుంది. కింద రాళ్ళ మీద సీల్ తల్లి, పక్కన తెల్లటి పిల్ల. గాలి నా టోపీని ఐర్లాండు వైపు పట్టుకుపోయింది. తిరిగొచ్చి పబ్బులో గొర్రెమాంసం, దుంపలు వేసి మరిగించిన 'కౌల్' అనే పులుసు తాగితే గాని పళ్ళు కొట్టుకోవడం ఆగలేదు.

దీపాల లెక్క

సాయంత్రం మళ్ళీ రేవుకి దిగాను. గోడ మీద ఓ పెద్దాయన కూచుని ఉన్నాడు. ఎనభై దాటి ఉంటాయి.

"సినిమా కోసం వచ్చారా?" అన్నాడు నా చేతిలోని కెమెరా చూసి.

దొంగ దొరికినట్టయింది. తలూపాను.

"తిమింగలం వచ్చినప్పుడు నాకు పదేళ్ళు. అది కొట్టుకుపోతే ఊరంతా నవ్వుకున్నాం. వాళ్ళెళ్ళిపోయారు. మళ్ళీ ఇంకొకళ్ళొచ్చారు, వాళ్ళూ వెళ్ళిపోయారు. సముద్రం మాత్రం రోజుకి రెండుసార్లు వస్తుంది."

"అంటే ఊరికేమీ మిగల్లేదా?"

ఆయన నవ్వలేదు. ఇళ్ళ వరసకేసి చెయ్యి చూపించాడు. "చీకటి పడుతోందిగా... దీపాలు లెక్కపెట్టండి."

లెక్కపెట్టాను. ఇళ్ళు చాలానే ఉన్నాయి. కనబడిన దీపాలు ఏడు! పగలు నేను ముచ్చటపడి ఫొటోలు తీసుకున్న గులాబీ రంగు ఇల్లు కూడా చీకట్లోనే ఉంది. దాని తలుపు పక్కన అంకెలు తిప్పి తెరిచే చిన్న డబ్బా... లోపల తాళంచెవి. వారానికో అద్దెదారు. వేసవిలో కిటకిట, చలికాలంలో తాళం.

"ఆ ఇంట్లో నా స్నేహితుడుండేవాడు. వెల్ష్‌లో పోట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడా ఇంటితో ఏ భాషలో మాట్లాడమంటారు?" అన్నాడాయన.

ఇది ఈ ఒక్క ఊరి బాధ కాదు. అందం చూసి బయటివాళ్ళు కొంటారు, ధర పెరుగుతుంది, అక్కడే పుట్టిన కుర్రాడు ఇల్లు కొనలేక ఊరొదులుతాడు. అతనితో పాటు భాషా వెళ్ళిపోతుంది. ఇలాంటి రెండో ఇళ్ళ మీద అదనపు పన్ను వేసే అధికారం 2017 నుంచి వేల్స్ కౌన్సిళ్ళకి ఇచ్చారు. 2021 జనాభా లెక్కల్లో వెల్ష్ వచ్చినవాళ్ళు నూటికి పద్ధెనిమిది మంది కూడా తేలలేదు.

అయినా వాళ్ళు చేతులు ముడుచుక్కూచోలేదు. 1980లో గ్విన్‌వర్ ఎవన్స్ అనే నాయకుడు, మా భాషకో టీవీ ఛానెల్ ఇవ్వకపోతే ఆమరణ నిరాహారదీక్ష చేస్తానన్నాడు. దీక్ష మొదలుకాక ముందే ప్రభుత్వం దిగొచ్చింది. 1982 నవంబరులో ఎస్ ఫోర్ సీ అనే వెల్ష్ ఛానెల్ మొదలైంది. వింటుంటే నాకు 1952లో ప్రాణమిచ్చిన మన పొట్టి శ్రీరాములుగారు కళ్ళముందు మెదిలారు. ఆ ఛానెల్ అండతో 1992లో వచ్చిన 'హెద్ విన్' అనే వెల్ష్ సినిమా ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. ఊరికి వచ్చిపోయే సినిమా ఒకటి, ఊరి నోట్లోంచి పుట్టే సినిమా ఇంకొకటి. తేడా ఆ రేవు గోడ మీద తెలిసొచ్చింది.

పెద్దాయన లేచి, ఇంటికెళ్తూ వెనక్కి తిరిగి "నోస్ దా" అన్నాడు. శుభరాత్రి అన్నమాట. నేనూ అన్నాను, తప్పుగానే. ఆయన ఓపిగ్గా రెండుసార్లు అనిపించి దిద్దాడు. కాసేపటికి వరస చివర ఇంకో కిటికీలో దీపం వెలిగింది. ఎనిమిది!

కుర్రకారుకి ఒక్క మాట. మీరూ ఏదో ఒకరోజు ఏ సినిమా ఊరికో వెళ్తారు. అది వేల్స్‌లో ఉన్నా సరే, గోదావరి గట్టున ఉన్నా సరే. ఫొటోలు తీసుకోండి, తప్పులేదు. కాకపోతే "షూటింగ్ ఎక్కడ జరిగిందండీ?" అని అడిగే ముందు, అక్కడి మనిషిని వాళ్ళ మాటలోనే పలకరించండి. ఫిష్‌గార్డ్‌లో అయితే పొద్దున్నపూట "బోరె దా" అనాలి.