వీధిలో వజ్రం... వేలికి ఉంగరం

విజయవాడలోనో వరంగల్‌లోనో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే అహ్మదాబాద్ ఇంకా రాకముందే తగులుతుంది సూరత్. స్టేషన్ బయటికొచ్చి పాత ఊళ్లోకి మళ్లితే మహీధర్‌పుర. ఇరుకు వీధి, రెండువైపులా పాత మేడలు, మధ్యలో స్కూటర్లు. ఆ స్కూటర్ల సీట్ల మీద, షాపుల మెట్ల మీద, టీ కొట్ల ముందు గుంపులు గుంపులుగా మగవాళ్లు. పాత బండ్ల బేరమేదో జరుగుతోందనుకుంటారు కొత్తగా చూసినవాళ్లు. ఇంతలో ఒకాయన చొక్కా జేబులోంచి తెల్ల కాగితం పొట్లం తీస్తాడు. మడత విప్పుతాడు. లోపల తళుక్కుమనేవి పటికబెల్లం పలుకులు కావు... వజ్రాలు!

కొనేవాడు పట్టకారుతో ఒక్కో రాయినీ తీసి, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కంటికి ఆనించుకుని చూస్తాడు. పెదవి విరుస్తాడు. ఓ అంకె చెబుతాడు. అమ్మేవాడు పొట్లం మడిచేస్తాడు. మళ్లీ విప్పుతాడు. లక్షల బేరం టీ చల్లారేలోపు తేలిపోతుంది.

సూరత్‌లో వజ్రాల గని ఒక్కటీ లేదు. బోట్స్వానా, రష్యా, అంగోలా, కెనడా లాంటి చోట్ల తవ్విన ముడిరాళ్లు ఆంట్‌వెర్ప్, దుబాయ్, ముంబయిల మీదుగా ఇక్కడికొస్తాయి. అయినా ప్రపంచంలో సానపట్టే ప్రతి పది వజ్రాల్లో దాదాపు తొమ్మిది ఈ ఊరి చేతుల మీదుగానే వెళతాయని అంచనా. ముంబయికీ సూరత్‌కూ మధ్య సరుకును మోసుకెళ్లేది ఆంగడియాలు. తరాలుగా నమ్మకం మీదే నడుస్తున్న కొరియర్లన్నమాట.

ఈ బేరాల తీరు చూస్తే పదిహేడో శతాబ్దం గుర్తుకురాక మానదు. అప్పట్లో ఫ్రెంచి వ్యాపారి టావెర్నియర్ సూరత్ రేవులో దిగి, గోల్కొండ దాకా వచ్చి వజ్రాలు కొనుక్కెళ్లాడు. దక్కన్ గనుల దగ్గర పది పదిహేనేళ్ల వర్తకుల పిల్లలు చెట్టు కింద త్రాసులు పెట్టుకుని కూర్చుని రాళ్లు కొనేవాళ్లనీ, పెద్దవాళ్లు గుడ్డ కింద చేతులు కలిపి, నోరు మెదపకుండా వేళ్లతోనే ధర తేల్చేవాళ్లనీ రాశాడాయన. కృష్ణాతీరంలోని కొల్లూరు గనుల వైభవం ఎప్పుడో ముగిసింది. సూరత్‌లో వజ్రాల వ్యాపారం మాత్రం ఇప్పటికీ వీధిలోనే ఉంది. 2023 డిసెంబరులో నగర శివార్లలోని ఖజోద్‌లో 67 లక్షల చదరపు అడుగుల్లో సూరత్ డైమండ్ బోర్స్‌ను ప్రారంభించారు. అమెరికా పెంటగాన్ కన్నా పెద్ద భవనం. అయినా స్కూటర్ మీద బేరమాడటం అలవాటైనవాళ్లు లిఫ్టులెక్కడానికి తొందరపడలేదు.

సూరత్‌లో తెలుగువాళ్లకూ కొదవలేదు. అక్కడి మరమగ్గాల మీద బతికే తెలంగాణ నేత కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఇక్కడ ఎవరింట్లోనైనా నిశ్చితార్థం కుదిరిందంటే అక్కడి ఫోను మోగుతుంది. ‘‘బాబాయ్, మీ ఊళ్లో అయితే చౌకట కదా! అమ్మాయికో రవ్వల ఉంగరం చూడరాదూ...’’

బాబాయి ఏం చెప్పాలి? మహీధర్‌పుర వీధిని చూపించవచ్చు. కొనిపెట్టడం మాత్రం వద్దు. అక్కడ బేరమాడేవాళ్లంతా ఒకరినొకరు ఎరిగినవాళ్లు. పొట్లాలకు పొట్లాలు కొంటారు, మాట మీద అప్పులిచ్చుకుంటారు. ఒక్క రాయి కోసం వచ్చిన కొత్త ముఖానికి ఆ ధరా దక్కదు, రేపు తేడా వస్తే అడగడానికి బిల్లూ ఉండదు. ఆ వీధి నుంచి తెచ్చుకోవాల్సింది రాయి కాదు, దాన్ని చూసే పద్ధతి.

వరాఛా ప్రాంతంలో ఏ కార్ఖానాలోకి తొంగిచూసినా తిరిగే చక్రాలు, వాటి మీద వంగిన తలలు కనిపిస్తాయి. చక్రానికి పూసేది వజ్రాల పొడి. వజ్రాన్ని అరగదీయడానికి వజ్రమే కావాలి. గుండ్రటి రాయికి 57 లేదా 58 ముఖాలు తీర్చుతారు. ఆ ముఖాల కోణాలు కుదిరితే పైనుంచి వెళ్లిన వెలుగు అడుగున తగిలి మళ్లీ పైకే వస్తుంది. కుదరకపోతే అడుగు నుంచి జారిపోతుంది. రంగు, స్వచ్ఛత ఎంత గొప్పవైనా అలాంటి రాయి గాజుముక్కలా చప్పగా ఉంటుంది. రంగూ స్వచ్ఛతా నేల ఇచ్చినవి. మెరుపు మాత్రం ఆ వంగిన తల పుణ్యమే. కాబట్టి ఉంగరం కొనేవారు డబ్బు పెట్టాల్సిన మొదటి చోటు ‘కట్’. సర్టిఫికెట్‌లో అది ‘ఎక్సలెంట్’ అని ఉండాలి, కనీసం ‘వెరీ గుడ్’.

బరువు దగ్గరే అసలు కిటుకుంది. క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, అంటే 100 సెంట్లు. అర క్యారెట్, ఒక క్యారెట్ లాంటి గుండు అంకెల దగ్గర ధర మెట్టు ఎక్కినట్టు పెరుగుతుంది. అందుకే కొన్ని కార్ఖానాల్లో ఎలాగోలా క్యారెట్ నిలబెట్టడానికి రాయి పొట్ట లావుగా వదిలేస్తారు. కొన్నవారికి బరువు దక్కుతుంది, మెరుపు దక్కదు. చక్కగా తీర్చిన క్యారెట్ రాయి వెడల్పు సుమారు ఆరున్నర మిల్లీమీటర్లు. 90 సెంట్లదైతే అంతకన్నా పావు మిల్లీమీటరు తక్కువ. పెళ్లికొచ్చిన వెయ్యిమందిలో ఆ తేడా పట్టగలవారు ఒక్కరూ ఉండరు. కానీ బిల్లులో కనిపిస్తుంది! 50కి బదులు 46, వందకు బదులు 92... ఇలాంటి రాళ్లనే అడగాలి.

రంగుకు డి నుంచి జెడ్ దాకా అక్షరాలు. డి అంటే నీటిబొట్టు. కిందికి పోయేకొద్దీ పసుపు ఛాయ. పచ్చటి బంగారంలో పొదిగించుకునేవారు డి, ఇ లకు డబ్బు పోయడం దండగ. ఐ, జె లు కూడా అందులో తెల్లగానే కనిపిస్తాయి. వైట్ గోల్డ్ అయితే జి, హెచ్ చాలు. స్వచ్ఛతలోనూ అంతే. వీఎస్2 రాయిలో మచ్చ భూతద్దానికి చిక్కుతుందే తప్ప కంటికి ఆనదు. ఎస్ఐ1 రాళ్లలోనూ అలాంటివి దొరుకుతాయి, కాకపోతే చూసి ఏరుకోవాలి. చూడటం కూడా షాపు దీపాల కింద కాదు. ఆ దీపాల కింద మెరవని రాయి ఉండదు. సూరత్ వ్యాపారుల్లా తెల్లకాగితం మడతలో రాయిని బోర్లా పెట్టి, కిటికీ దగ్గర పగటి వెలుగులో చూస్తే రంగు తేలిపోతుంది.

‘అర క్యారెట్ ఉంగరం’ అన్నప్పుడు అది ఒకే రాయా, పది రాళ్లు కలిపా అన్నది అడిగి తీరాలి. చిన్న రాళ్లన్నీ కలిపి అర క్యారెట్ అయితే ధర చాలా తక్కువ ఉండాలి. నిండుగా కనిపిస్తే చాలనుకునేవారికి మాత్రం ఏడు రాళ్ల పువ్వు మంచి బేరమే.

ఇక బిల్లు. మూడున్నర గ్రాముల ఉంగరంలో 40 సెంట్ల రాయి ఉందనుకుందాం. రాయి బరువు 0.08 గ్రాములు. అది పోను బంగారం 3.42 గ్రాములు. 18 క్యారెట్లదైతే అందులో మేలిమి 2.56 గ్రాములే. రాయికీ బంగారం రేటు కట్టడం, 18 క్యారెట్లకు 22 రేటు వేయడం జరిగితే ఇక్కడే దొరికిపోతుంది. రాయి, బంగారం, తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ... అన్నీ విడివిడిగా రాయించుకోవాలి. హాల్‌మార్క్, ఆరక్షరాల హెచ్‌యూఐడీ బంగారానికి భరోసా. వజ్రానికి కాదు. దానికి జీఐఏ, ఐజీఐ లాంటి ల్యాబ్ సర్టిఫికెట్ వేరే ఉండాలి. సర్టిఫికెట్ నంబరును చాలా రాళ్ల నడుము మీద లేజర్‌తో చెక్కుతారు. భూతద్దం అడిగి సరిచూసుకోవడానికి మొహమాటపడనక్కర్లేదు.

ఇప్పుడు సూరత్‌లో సగం కబుర్లు ల్యాబ్ వజ్రాల గురించే. యంత్రంలో కొన్ని వారాల్లో పెరిగే ఈ రాళ్లు నకిలీవి కావు. అదే కార్బన్, అదే గట్టిదనం. భూతద్దంతో కూడా తేడా తెలియదు, ప్రత్యేక యంత్రాలు కావాలి. 2023 జూన్‌లో అమెరికా అధ్యక్షుడి భార్య జిల్ బైడెన్‌కు ప్రధాని మోదీ ఇచ్చిన ఏడున్నర క్యారెట్ల వజ్రం ఇలాంటిదే. అయితే ఉత్పత్తి పెరిగేకొద్దీ వీటి ధర దారుణంగా పడిపోయింది. తక్కువలో పెద్ద రాయి కావాలనుకుంటే నిక్షేపంగా కొనుక్కోవచ్చు. తిరిగి అమ్మితే ఏదో వస్తుందన్న ఆశ మాత్రం పెట్టుకోకూడదు. సహజ వజ్రమైనా బంగారంలాంటిది కాదు. కాసుకింత అని రోజూ పేపర్లో వేసే రేటు దానికి లేదు. కొన్న షాపే ఎంతకు వెనక్కి తీసుకుంటుందో కొన్నరోజే కాగితం మీద పెట్టించుకోవాలి.

2023 సెప్టెంబరులో వరాఛా బజారులో ఒక వ్యాపారి పొట్లం జారి రాళ్లు రోడ్డున పడ్డాయని పుకారు పుట్టింది. జనం ఎగబడ్డారు. చీపుళ్లతో మట్టి ఊడ్చి, పోగులు పెట్టి, గోళ్లతో గీరి వెతికారు. కొందరికి మెరిసే రాళ్లు దొరికాయి కూడా. తీరా పరీక్షిస్తే అవన్నీ చీరలకు, గిల్టు నగలకు వాడే అమెరికన్ డైమండ్లు!