నీటి కింది ఊరికి ఫొటో

కెమెరాకు వాన పడదు. ఉత్తర వేల్స్‌లోని లాన్యుఖ్లిన్‌లో నేనున్న వారంలో వాన పడని రోజు లేదు. ఊరి పేరు పలకడానికే నాకు రెండు రోజులు పట్టింది. సరస్సుకు ఎగువనున్న చర్చి అని అర్థమట. లిన్ టెగిడ్ సరస్సు నైరుతి కొసన ఉంటుందీ చిన్న ఊరు. వెనక అరాన్ కొండలు.

తొలిరోజు తీసినవన్నీ పోస్టుకార్డులే. కొండ, నీళ్లు, గొర్రెలు. సాయంత్రం చూసుకుంటే ఒక్కటీ నేను తీసినట్టు లేదు. మర్నాటి నుంచి కొండల్ని వదిలేసి కప్పుల మీద పడ్డాను. ఇక్కడి ఇళ్లకు పలకరాతి కప్పు. చిన్నప్పుడు మనం అక్షరాలు దిద్దిన పలకే. పొడిగా ఉంటే బూడిదరంగులో నిర్జీవంగా కనిపించే ఆ రాయి తడిస్తే నీలంగా మెరుస్తుంది. తెల్లటి ఆకాశానికి ఎక్స్‌పోజరు పెడితే కప్పు నల్లబడుతుంది. కప్పుకు పెడితే ఆకాశం పాలిపోతుంది. చివరికి ఆకాశాన్నే ఫ్రేములోంచి తీసేశాను. మంచి పని చేశాను.

ఊరి దగ్గర తండ్రీకొడుకుల విగ్రహాలున్నాయి. తండ్రి ఓ.ఎం. ఎడ్వర్డ్స్ 1858లో ఇక్కడే పుట్టారు. పత్రికా సంపాదకుడు. జాన్ థామస్ అనే ఫొటోగ్రాఫర్ 19వ శతాబ్దంలో వేల్స్‌లో ఊరూరా తిరిగి ఇళ్లను, మందిరాలను, మామూలు మనుషులను తీశాడు. ఆ గాజు నెగటివ్‌లు మూడు వేలకు పైగా ఎడ్వర్డ్స్ తన పత్రిక కోసం కొన్నారు. ఇప్పుడవి అబరిస్ట్‌విత్‌లోని జాతీయ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి.

నాలుగోరోజు కారులో బాలా పట్నం దాటి లిన్ కెలిన్‌కు వెళ్లాను. ఇది కట్టిన జలాశయం. లివర్‌పూల్ నగరానికి నీళ్ల కోసం ట్రవెరిన్ లోయలోని కాపెల్ కెలిన్ గ్రామాన్ని ముంచారు. వేల్స్ ఎంపీల్లో ఒక్కరూ బలపరచకపోయినా 1957లో పార్లమెంటులో చట్టం చేశారు. బడి, పోస్టాఫీసు, మందిరం, శ్మశానం అన్నీ మునిగాయి. 67 మందిలో 48 మందికి ఇళ్లు పోయాయి. 1965లో జలాశయం ప్రారంభమైంది. లివర్‌పూల్ నగరపాలక మండలి క్షమాపణ చెప్పింది 2005లో.

ఒడ్డున స్మారక మందిరం ఉంది. ట్రైపాడ్ నిలబెట్టాను. ఫ్రేములో నీళ్లు తప్ప ఏమీ లేవు. దాన్ని ఫొటో అనాలా అన్న సందేహంతోనే బటన్ నొక్కాను.

నిజం చెప్పాలంటే అక్కడ నాకు కలిగింది జాలి కాదు, అసూయ. కాపెల్ కెలిన్ చివరి రోజులను జెఫ్ చార్లెస్ అనే పత్రికా ఫొటోగ్రాఫర్ తీసిపెట్టాడు. అమ్మ పుట్టిన ఊరిని ఎవరూ తీయలేదు. కర్నూలు వైపు కృష్ణ ఒడ్డున ఉండేది. 1981లో శ్రీశైలం జలాశయం కోసం ఖాళీ చేయించారు. మాకు మిగిలింది కర్నూలు స్టూడియోలో తీయించుకున్న పెళ్లి ఫొటో ఒక్కటే. అందులో అమ్మానాన్నల వెనక తెర మీద తాజ్‌మహల్ ఉంటుంది. కెమెరా పట్టి ముప్పై ఏళ్లయినా నేను ఆ జలాశయం వైపు వెళ్లలేదు. పెళ్లిళ్లు, ప్రారంభోత్సవాలు తీస్తూ కూర్చున్నాను.

హైదరాబాద్ వచ్చాక ప్రింట్లు అమ్మకు చూపించాను. పలకరాతి కప్పులను, గొర్రెలను గబగబా తిప్పేసింది. నీళ్ల ఫొటో దగ్గర ఆగింది.

“దీంట్లో గుడి ఎటుంది?” అంది.

“గుడి కాదమ్మా, వాళ్ల మందిరం. ఎక్కడో నాకూ తెలీదు.”

“కనుక్కోకుండానే తీశావుట్రా?”

జవాబు చెప్పలేకపోయాను. ఆమె ప్రింటును వెనక్కి తిప్పి పెన్సిలు అడిగింది. ముందు ఏరు గీసింది. తర్వాత రేవు, రేవు నుంచి పైకి వచ్చే బాట, రెండు వీధులు. తన ఇల్లు వెంటనే పెట్టింది. రచ్చబండ దగ్గర మాత్రం రెండుసార్లు గీసి చెరిపింది.

“వేపచెట్టుకు అటా, ఇటా... మీ మామయ్యకు ఫోన్ చెయ్యి.”