మనస్సును తూచుట

మా వృత్తి తూకము. అనకాపల్లి బెల్లపు మార్కెట్టులో ఒక దుకాణమున గుమాస్తాగా నుండి ముప్పది యేండ్లుగా బెల్లపు దిమ్మలను కాటాపై నెక్కించి, దించి, లెక్కలు వ్రాయుచున్నాము. మా దేహమును మాత్రము కాటాపై పెట్టుటకు మాకు ధైర్యము చాలలేదు. గత సంవత్సరము వైద్యుడు బలవంతముగా నిలువబెట్టగా 126 కిలోలని తేలినది. అప్పటికే మధుమేహము ముదిరినది. నాలుగు మెట్లెక్కిన ఆయాసము వచ్చుచుండెను. నిద్రలో గురక నడుమ ఊపిరి నిలిచిపోవుచున్నదని మా యింటివారు భయపడుచుండిరి.

బరువు తగ్గించు శస్త్రచికిత్సను గూర్చి చదువరులు వినియే యుందురు. కిలోలలో నున్న బరువును, మీటర్లలో నున్న ఎత్తు యొక్క వర్గముచే భాగించినచో ఒక సంఖ్య వచ్చును. ఆ సంఖ్య 40కి తక్కువ కానివారికిని, 35 మొదలుకొని యుండి తీవ్రమైన యితర వ్యాధులు గలవారికిని ఈ చికిత్స చేయవచ్చునని 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు కూర్చిన నిపుణుల సభ నిర్ణయించెను. 2022లో ఆ హద్దును 35కు దించి, ఆసియావాసుల విషయమున 27.5 నుండియే యోచింపవచ్చునని నిపుణ సంఘములు చెప్పినవి. మా సంఖ్య 46. ఏ లెక్కను జూచినను మేము అర్హులమే.

అయినను విశాఖపట్టణమున మమ్ము పరీక్షించిన వైద్యుడు, “ముందుగా మనస్తత్త్వ పరీక్ష జరగాలి” అనెను. మాకు కోపము వచ్చినది. లావైనది మా పొట్ట. మా బుద్ధికేమి లోపమని తలచితిమి. ఊరిలో ఈ మాట పొక్కినచో ఏమనుకొందురో యను బెంగ కోపమును మించినది.

మా బావమరది ధైర్యము చెప్పెను. “దానికేముంది బావా! ఏమడిగినా లేదు, లేదు అని చెప్పు. తాగుడు లేదు, దిగులు లేదు, చిరుతిండి లేదు. అరగంటలో సంతకం పెట్టి పంపేస్తారు.” ఈ యుపదేశము మాకు నచ్చినది. పరీక్షకు పోవు బాలునివలె ఒక కాగితముపై పండ్రెండు జవాబులు వ్రాసి వల్లించితిమి.

చదువరులారా, ఈ కపటము మాది మాత్రమే కాదు. మన విందులలో వద్దు వద్దనుచున్నను విస్తరిలో ఇంకొక బూరె వేయుదుము. ఆ తినినవాడే వీధిని నడుచుచుండగా వెనుక నుండి నవ్వుదుము. కాలు విరిగినవానిని నలుగురము మోసికొని వైద్యుని కడకు పోదుము. మనస్సు చెదరినవానిని మాత్రము ఇంట దాచి, వానికి పిల్లనెవరిత్తురని విచారింతుము. ఇట్టి సంఘమున పెరిగిన మేము మానసిక వైద్యశాల గడపను చూచి వెనుదీయుటలో వింత లేదు. సిగ్గుపడవలసినది మాత్రము కలదు.

పరీక్షకు ఇంటివారిలో ఒకరిని వెంట తీసికొని రావలెనని చెప్పియుండిరి. ముందునాటి రాత్రి మా భార్యకు ఆ పండ్రెండు జవాబులు చదివి వినిపించితిమి. ఆమె అంతయు విని, “రాత్రులు తినేది ఇందులో రాయలేదేమండీ?” అనెను.

మా నోట మాట రాలేదు. రాత్రి రెండు గంటలకు లేచి, దీపము వేయక, వంటయింటి డబ్బాలోని బెల్లము తినుట ఆరేండ్లనుండి మాకు అలవాటు. అది యెవరికిని తెలియదనుకొంటిమి. “దిమ్మ పగలగొట్టి డబ్బాలో పోసేది నేను. రెండు రోజులకే ఎలా ఖాళీ అవుతుందో నాకు తెలియదా? మీరే చెప్తారని చూస్తున్నాను” అని ఆమె పలికెను.

అప్పుడు చెప్పితిమి, బెల్లపు సంగతి కాదు, దాని వెనుకనున్న సంగతి. ఆరేండ్ల క్రిందట మా పెద్దమ్మాయి పెండ్లికి మేము చేసిన అప్పు ఆమెకు తెలిసినదానికి రెట్టింపు. వియ్యాలవారి యెదుట చిన్నబోవుట కిష్టము లేక కట్నము మాటను ఆమెతో చెప్పకయే ఒప్పుకొంటిమి. వడ్డీ గడువు తలంపునకు వచ్చి ప్రతిరాత్రియు మెలకువ వచ్చును. నోట తీపి పడినచో కొంతసేపు ఆ తలంపు పోవును. ఆమె చాలసేపు మాటలాడలేదు. తుదకు, “రేపు అక్కడ కూడా ఇదే చెప్పండి” అని లేచిపోయెను. ఆ రాత్రి ఇరువురకును నిద్ర లేదు.

మరునాడు మమ్ము ప్రశ్నించిన నిపుణురాలు మేము భయపడినట్లు న్యాయాధిపతివలె కూర్చుండలేదు. ఎప్పుడు తిందురు, ఎందుకు తిందురు, మద్యము కలదా, చనిపోవలెనను తలంపు ఎన్నడైన కలిగినదా, చికిత్స వలన ఏమి ఆశించుచున్నారు, ఇంట తోడెవరు - ఇవి ఆమె ప్రశ్నలు. కాగితము జేబులోనే యుండినది. మేము రాత్రి చెప్పినదంతయు మరల చెప్పితిమి.

ఈ ప్రశ్నలకు కారణమును ఆమె విప్పి చెప్పెను. ఒక పద్ధతిలో జీర్ణాశయమున ముప్పాతికకు పైగా కోసి తీసివేసి, మిగిలినదానిని గొట్టమువలె కుట్టుదురు. మరియొక పద్ధతిలో జీర్ణాశయమున చిన్న సంచివంటి భాగమును వేరుచేసి, దానిని చిన్నప్రేవునకు కలుపుదురు. ఈ రెండవదాని తరువాత తీపి తినినచో గుండెదడ, చెమట, కడుపునొప్పి, విరేచనములు కలుగవచ్చును. మద్యము శీఘ్రముగా తలకెక్కును. ఏ పద్ధతియైనను విటమినులు జీవితాంతము వాడవలెను. “కత్తి పొట్టను చిన్నది చేస్తుంది. రాత్రి రెండు గంటలకు మిమ్మల్ని లేపేదాన్ని కత్తి కోయలేదు కదా!” అని ఆమె యనెను. తిండిలో ఊరట వెదకువానికి, చికిత్సానంతరము ఆ యూరటయు పోయి, దిగులు హెచ్చుట కలదట.

మాకు అనుమతి రాలేదు, నిరాకరణయు కాదు. రాత్రి తిండికిని నిద్రలేమికిని చికిత్స పొంది, మూడు నెలల తరువాత రమ్మనిరి. అప్పుల పుస్తకము ఇప్పుడు మా భార్య చేతిలో నున్నది. ఆమె మాతో పూర్వమువలె మాటలాడుటకు ఇంకను కొంతకాలము పట్టునట్లున్నది. రెండు నెలలు గడచినవి. వారమునకు రెండు మూడు రాత్రులు ఇప్పటికిని లేచుచునే యున్నాము. కాని దీపము వేసికొని కూర్చుందుము, డబ్బా జోలికి పోయిన దినమున ఆ సంగతి పుస్తకమున వ్రాయుదుము.

ఇట్టి పరీక్షకు సిద్ధపడువారికి మా మనవి యొక్కటే. జవాబులు వల్లింపకుడు. రెండు వారములు తినినదెల్ల వేళతోకూడ వ్రాసికొనుడు. వాడు మందులను, త్రాగుడును దాచకుడు. ఇంటిలో నొకరికి నిజమంతయు చెప్పి, వారిని వెంట తీసికొని పొండు. దొంగతూకము వేసినవాడు కొనువానిని మోసగించును. ఈ కాటా దగ్గర కొనువాడును అమ్మువాడును మనమే.