రాజమాత పటం

మా శ్రీకాకుళం, విజయనగరం సీమలో ఏ పాత జమీందారీ కోటలోనైనా ఒక గది తుడిచి ప్రదర్శనశాల అని బోర్డు కట్టారంటే, అందులో మొదట కంటబడేది కత్తి. కత్తి మీదుగా చూపు పైకెత్తితే రాజుగారి పటం. రాణీగారి పటం ఒకోసారి వుంటుంది, ఒకోసారి వుండదు. అలాంటి ఒక గదిలో మా తరగతి విద్యార్థిని ఒకామె నన్నడిగింది: "మాస్టారూ, ఈ రాజులకు అమ్మలు లేరా?"

నవ్వి వూరుకోదగిన ప్రశ్న కాదిది. రాజమాత పటం గోడ మీదికి ఎక్కడమూ ఎక్కకపోవడమూ రెండూ రాజకీయమే.

ఈ విద్యలో యూరపు మనకంటె ముందుంది. మధ్యధరా సముద్రంలో కోర్సికా దీవి, అందులో అజాక్సియో అనే రేవుపట్నం నెపోలియన్ పుట్టిన వూరు. పుట్టిన యిల్లు ఇప్పుడు జాతీయ మ్యూజియం. మేనమామ కార్డినల్ ఫెష్ పేరున అక్కడే పెద్ద చిత్రశాల వుంది. ఆ వూరి ప్రదర్శనశాలల్లో చక్రవర్తి తల్లి లెటీషియా రంగుల్లోనూ, రాతిలోనూ ఎదురవుతుంది. ఆమె 1750లో పుట్టింది. పద్నాలుగేళ్ళ ప్రాయంలో పెళ్ళి. పదముగ్గురిని కంటే బతికినవారు ఎనిమిదిమంది. ముప్పై అయిదేళ్ళకు భర్త పోయాడు. 1769లో ఫ్రెంచి సైన్యాలు కోర్సికా స్వాతంత్ర్యాన్ని నలిపివేసినప్పుడు, నెపోలియన్‌ను కడుపులో మోస్తూ కొండదారులు పట్టి తిరిగింది. మనకు కావలసిన మనిషి ఈమె. కాని పటాల్లో ఈమె లేదు. అక్కడ వున్నది సామ్రాజ్యం పెద్ద దిక్కు.

శిల్పి కానొవా ఆమెను 1804 తరువాత పాలరాతిలో చెక్కాడు. నమూనా ఎక్కడిది? రోములోని ఒక ప్రాచీన విగ్రహం. అది రాజస్త్రీ అగ్రిప్పినాది అని ఆనాటివారు అనుకొనేవారు. వెనక్కు వాలి కుర్చీలో కూర్చున్న ఆ ఠీవిని తెచ్చి ఈ కోర్సికా గృహిణికి తొడిగాడు. కొత్తగా డబ్బు చేసినవాడు పాత జమీందారీ వంశవృక్షానికి తన కొమ్మను అంటు కట్టించుకోవడం మన జిల్లాలో మాత్రం ఎరగమా? కొడుకు ఓడిపోయాక, 1818లో, ఆ విగ్రహాన్ని ఒక ఇంగ్లీషు డ్యూకు కొనుక్కుపోయి చాట్స్‌వర్త్ మేడలో పెట్టుకొన్నాడు. శత్రువు తల్లి ఇంటికి అలంకారమైంది.

డేవిడ్ గీసిన పట్టాభిషేక చిత్రం సంగతి ఇంకా విడ్డూరం. 1804 డిసెంబరు 2న కొడుకు కిరీటం పెట్టుకొంటుంటే తల్లి అక్కడ లేదు. మరో కొడుకు లూసియన్‌తో నెపోలియన్‌కు వచ్చిన తగవులో ఆమె లూసియన్ పక్షం, రోములోనే వుండిపోయింది. మరి ఆ పెద్ద పటంలో చూడండి, నట్టనడుమ ఎత్తున ఆసనం వేసి ఆమెను కూర్చోబెట్టాడు చిత్రకారుడు. తల్లి దీవించని పట్టాభిషేకం చరిత్రలో జరగవచ్చును గాని పటంలో జరగరాదు కాబోలు! ఆమె 1836లో రోములో చనిపోయింది. ఆ అస్థికలను 1851లో అజాక్సియోకు తెప్పించి, తరువాత మందిరం కట్టించి 1860లో అందులోకి చేర్చిన కాలం, మనుమడు మూడవ నెపోలియన్ తన అధికారానికి పునాది గట్టి చేసుకొంటున్న కాలమే.

ఇక మన విజయనగరం. ఇక్కడి రాజమాతను చూడాలంటే తైలవర్ణ చిత్రం దగ్గరకు కాదు, దస్తావేజు దగ్గరకు పోవాలి. 1897 మే నెలలో ఆనంద గజపతి సంతానం లేకుండా చనిపోయాడు. ఆ యేడాది చివరలోనే తల్లి అలక రాజేశ్వరీ దేవి చిట్టిబాబును దత్తత తీసుకొన్నది. కొడుకును పోగొట్టుకొన్న ముసలమ్మ కొన్ని నెలలకే మళ్ళీ ఒక ప్రభువుకు తల్లి అయింది. దత్తత చెల్లదని జ్ఞాతులు దావా తెచ్చారు. 1913లో రాజీ కుదిరేదాకా వకీళ్ళూ గుమాస్తాలూ ఆ తల్లీబిడ్డల సంబంధాన్ని కాగితాల మీద నిలబెట్టడానికో పడగొట్టడానికో పాటుపడుతూనే వున్నారు. ఆనంద గజపతి సోదరి రీవా రాణి అప్పలకొండయాంబ కొలువులో వుండి ఆ వ్యాజ్యపు చాకిరీ మోసినవాడు ఎవరనుకొన్నారు? గురజాడ అప్పారావు. ఆయన కలం ఎన్ని పేజీలు ఆ దావా కింద ఖర్చయిందో తలుచుకొంటే నాకిప్పటికీ కడుపు రగులుతుంది. జమీందారీ చట్టంలో తల్లి అంటే ఆస్తి నడిచే కాలువ. ఆమె కన్నదా, పెంచిందా, ఏడ్చిందా అని ఏ కోర్టూ అడగలేదు. దత్తత చేసే అధికారం వుందా లేదా అన్నదే ప్రశ్న.

ఆ సంస్థానంలోనే మరొక చిత్రశాల తయారైంది. దానికి గోడలు లేవు. 1880లలో ఆనంద గజపతి విశాఖపట్టణం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో కన్యాశుల్కం పుచ్చుకొని చేసిన పెళ్ళిళ్ళ జాబితా తయారు చేయించాడు. మూడేళ్ళలో 1034 లెక్కకు వచ్చాయి. అందులో అయిదేళ్ళ పెళ్ళికూతుళ్ళు 99 మంది. ఏడాది నిండిన పసికూనలు ముగ్గురు. వారి ధర 350 నుంచి 400 రూపాయలు. 1897 నాటి "కన్యాశుల్కం" పీఠికలో గురజాడ ఈ లెక్క ఎక్కించాడు కనుక మనకు దక్కింది. నాటకం అంకితం ఆ ప్రభువుకే. జాబితా రాయించిన ఉపకారం ఆయనది, కాదనను. అయితే ఆ 1034 మందిలో బతికి తల్లులైనవారికి పేరైనా మిగలలేదు, ధర మిగిలింది.

బొబ్బిలి కథ వేరు. 1757 జనవరి 24న ఆ కోటను కూల్చిన బుస్సీ, పన్నెండేళ్ళకు లెటీషియాను కొండలకెక్కించిన ఫ్రాన్సు సేనానే. శత్రువు చేతికి చిక్కరాదని కోటలోని స్త్రీలనూ పిల్లలనూ సొంతవాళ్ళే చంపుకొన్నారు. దక్కిన ఒక్క పసివాడు తరువాత వంశానికి ప్రభువు. వాడి తల్లి మల్లమ్మకు జనం కథల్లోనే రూపం కట్టారు. 1964 సినిమా తరువాత ఆ ముఖం భానుమతిది అయిపోయింది. వీరపత్ని అని మన్నించడం వుంది గాని, ఆనాడు లోపల గదుల్లో చచ్చిన దాసీల పిల్లల మాట ఎవరూ ఎత్తరు.

మనవాళ్ళను వదిలిపెట్టి ఎదుటివాళ్ళను అంటే న్యాయం కాదు. గోరీ పట్టణంలో స్టాలిన్ పుట్టిన చిన్న యింటి మీద పాలరాతి మండపం కట్టారు. నలుగురి బట్టలు ఉతికి అతన్ని చదివించిన తల్లి 1937లో చనిపోతే కొడుకు అంత్యక్రియలకు వెళ్ళలేదు. మండపం మాత్రం చెక్కు చెదరలేదు.

మందస జమీందారు అడవిలో కట్టెలు కొట్టుకొనే హక్కు కోసం రైతులు తిరగబడినప్పుడు, 1940లో, గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్పులు జరిపారు. అరెస్టయినవారిని తీసుకుపోకుండా అడ్డు నిలిచిన గున్నమ్మ గర్భవతి. లెటీషియా కడుపులోనివాడు చక్రవర్తి అయ్యాడు. గున్నమ్మ కడుపులోని బిడ్డ భూమ్మీద పడనేలేదు. ఈమెకు ఎదురుగా కూర్చుని ముఖం చూసి గీసిన ఆస్థాన చిత్రకారుడు లేడు. ఆనాటి సంగతి కళ్ళారా చూసినవారి పిల్లలూ మనుమలూ ఆ పల్లెల్లో వున్నారు. ఆమె నడక ఎలాంటిది, చీర ఎలా కట్టేది, గొంతు ఎంత దూరం వినిపించేది అని ఇంటింటా అడిగి రాసుకోవడానికి మన కాలేజీ పిల్లలకు ఒక వేసవి సెలవు చాలు. వ్యాసపోటీలకు ఏటా పెట్టే ఖర్చులో కొంత ఈ పనికి మళ్ళిస్తే, ఆ తరువాత శిల్పి ఎవరన్నది మాట్లాడుకోవచ్చును.